జింక పొట్ట తీయడానికి మూడున్నర అంగుళాల కత్తి చాలు, మిగతా డబ్బు ఐసు మీద పెట్టండి

అమెరికాలో వేట సామాను అమ్మే ఏ పెద్ద దుకాణానికి వెళ్ళినా అక్టోబరు నాటికి ఒక గోడంతా పెట్టెలే. ఒక్కో పెట్టెలో తోలు ఒలిచే కత్తి ఒకటి, ఎముక నుంచి మాంసం విడదీసే కత్తి ఒకటి, పొట్ట చీల్చే కొక్కెం, చిన్న రంపం, పక్కటెముకలు మూసుకోకుండా అడ్డం పెట్టే కర్ర, చేతి తొడుగులు, సాన. వేటకు కొత్తగా దిగినవాళ్ళు ముందు కొనేది ఈ పెట్టెనే. డల్లాస్, ఆస్టిన్ చుట్టుపక్కల మనవాళ్ళూ అంతే. నా మాట సూటిగా చెప్పేస్తాను: ఆ పెట్టెలో ముప్పాతిక వంతు దండగ. పడిన జింక మాంసం పాడయ్యేది వేడి వల్ల. ఆ తర్వాత మురికి వల్ల. కత్తి మంచిది కానందువల్ల పాడైన మాంసం దాదాపు ఉండదు. అడవిలో పొట్ట తీసే పద్ధతిని, దానికి కావలసిన పనిముట్లను ఈ రెండు శత్రువులను బట్టే ఎంచుకోవాలి.

ఇది అమెరికా సంగతి అని ముందే అనుకుందాం. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చుక్కల దుప్పిని వేటాడినా, కృష్ణజింకను వేటాడినా నేరం. దుప్పి తెలంగాణకు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర జంతువులు కూడా. అమెరికాలో తెల్లతోక జింకల మందలు హద్దు మీరకుండా రాష్ట్ర ప్రభుత్వాలే లైసెన్సులిచ్చి, తేదీలు ప్రకటించి వేటాడిస్తాయి. అక్కడి మాటే ఇక్కడ చెబుతున్నాను.

ముందు వేడి సంగతి. బతికున్న జింక ఒంటి వేడి 101, 102 డిగ్రీల ఫారెన్‌హైట్ దగ్గర ఉంటుంది, అంటే సుమారు 38.5 సెల్సియస్. గుండె ఆగాక ఆ వేడి బయటపడాలంటే తోలు గుండానే పోవాలి. ఆ తోలు మీదేమో చలికాలపు వెంట్రుక, లోపల బోలుగా ఉండి గాలిని పట్టి ఉంచేది. మంచులో జింకను కాపాడేదే చచ్చాక మాంసాన్ని ఉడకబెడుతుంది. పైగా నెమరు పొట్టలోని సూక్ష్మజీవులకు జింక చచ్చిన సంగతి తెలియదు. అవి మేతను పులియబెడుతూ, గ్యాసునూ వేడినీ పుట్టిస్తూనే ఉంటాయి. బాక్టీరియా జోరుగా పెరిగేది 40 నుంచి 140 డిగ్రీల ఫారెన్‌హైట్ మధ్య. అంటే మాంసాన్ని 40 కిందికి, 4 సెల్సియస్ కిందికి, దించేదాకా గడియారం నడుస్తూనే ఉంటుంది. అన్నిటికన్నా ఆలస్యంగా చల్లారేది వెనక తొడ, అందులోనూ తుంటి కీలు దగ్గర ఎముకను ఆనుకుని ఉన్న మాంసం. పైన ముట్టుకుంటే చల్లగానే ఉంటుంది, లోపల ఎముక పక్కన పుల్లటి వాసనతో కుళ్ళు మొదలై ఉంటుంది.

అందుకే ఒక చోటి సలహా ఇంకో చోట పనికిరాదు. ఉత్తరాన చలి ఎక్కువగా ఉండే విస్కాన్సిన్‌లో తుపాకీ సీజను, నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగకు ముందటి శనివారం మొదలై తొమ్మిది రోజులు నడుస్తుంది. అక్కడ పొట్ట తీసి, తోలుతోనే రాత్రంతా చెట్టుకు వేలాడదీసినా చాలాసార్లు ఇబ్బంది ఉండదు. టెక్సస్‌లో సాధారణ సీజను నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది, మధ్యాహ్నం 80 డిగ్రీలు దాటే రోజులు అక్కడ వింతేమీ కాదు. విస్కాన్సిన్ వీడియో చూసి టెక్సస్‌లో జింకను రాత్రంతా వేలాడదీస్తే పొద్దున్నకి మిగిలేది కుక్కలకే.

ఇక కత్తి. అలుగు, అంటే పిడి కాక కోసే భాగం, మూడు అంగుళాల నుంచి నాలుగు లోపు ఉండాలి, మూడున్నర అయితే భేష్. ఈ పనిలో సగం కోతలు కంటికి కనబడని చోట జరుగుతాయి. చెయ్యి మోచేతి దాకా రొమ్ము లోపల ఉంటుంది, చుట్టూ రక్తం. అప్పుడు చూపుడు వేలిని కత్తి వీపు మీదుగా మొనదాకా చాచి, వేలితో తడుముతూ కోయాలి. మూడున్నర అంగుళాల అలుగైతే వేలు మొనదాకా అందుతుంది. ఆరంగుళాలదైతే వేలికి ముందు రెండు మూడు అంగుళాల ఇనుము గుడ్డిగా తిరుగుతూ నెమరు పొట్టకో, పేగుకో, మీ రెండో చేతికో గుచ్చుకుంటుంది. పెద్ద జంతువుకు పెద్ద కత్తి అనుకోవడం సహజమే, కాని ఈ పనిలో అది తలకిందులు.

మొన మరీ సూదిగా, పైకి లేచినట్టు ఉండకూడదు. కత్తి వీపు మెల్లగా కిందికి వాలి, అంచుతో కలిసే చోట మొన కాస్త దిగువన ఉండే రకాన్ని డ్రాప్ పాయింట్ అంటారు. పొట్ట చీల్చేటప్పుడు అది లోపలి సంచులను సులువుగా గుచ్చదు. 1964లో వచ్చిన బక్ 110 మడత కత్తితో అమెరికాలో లెక్కలేనన్ని జింకల పొట్టలు తీశారు, నిజమే. అయినా దాని మొన సూది మొన, పైగా మడత సందులోకి కొవ్వూ రక్తమూ వెళ్ళి కూర్చుంటాయి, ఇంటికొచ్చాక పుల్ల పెట్టి గీకినా పూర్తిగా రావు. మడవని కత్తే మేలు. స్వీడన్ వాళ్ళ మోరా కంపానియన్ లాంటిది, పట్టు జారని రబ్బరు పిడి, ఖరీదు తక్కువ, అలుగు నాలుగు అంగుళాల పైచిలుకు, నేను చెప్పిన కొలతకు ఒక పిసరు ఎక్కువే అయినా ఈ పనికి సరిపోతుంది. రంగు మాత్రం నారింజ తీసుకోండి. సందె చీకట్లో ఎండుటాకుల మీద పెట్టిన నల్ల పిడి కత్తి మళ్ళీ దొరకదు.

ఉక్కు రకం గురించి గంటలు వాదించుకునేవాళ్ళున్నారు. ఉక్కు గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ కొలతలో 57, 58 దగ్గరుండే మామూలు స్టెయిన్‌లెస్ తొందరగా మొద్దుబారుతుంది, అంతే తొందరగా పదునెక్కుతుంది. 60 చుట్టూ ఉండే ఎస్30వి లాంటి ఖరీదైన ఉక్కు పదును ఎక్కువసేపు నిలుపుకుంటుంది, కాని మొద్దుబారాక అడవిలో కూర్చుని నూరడం కష్టం. ఒక్క జింకకు ఏదైనా ఒకటే. పదును పోగొట్టేవి మాంసం, తోలు కావు, వెంట్రుకలూ ఎముకా. ఆ రెంటినీ కోయకుండా పని చేసేవాడికి, రెండు పక్కలా 20 డిగ్రీల వాటంలో నూరిన ఏ మంచి కత్తయినా పొట్ట తీసి, తోలు ఒలిచేదాకా తోడుంటుంది.

అలుగులు మార్చుకునే సర్జికల్ బ్లేడు కత్తులు ఇప్పుడు బాగా నడుస్తున్నాయి. తోలు ఒలవడానికి అవి అద్భుతం, ఆ మాట కాదనను. లోపలి పనికి మాత్రం వద్దు. బ్లేడు పల్చన, కీలు దగ్గర కాస్త మెలితిప్పితే పుటుక్కున విరుగుతుంది. విరిగిన ముక్క మాంసంలో ఎక్కడ దాక్కుందో తెలియదు. కనబడని చోట రెండు చేతులతో పనిచేస్తున్నప్పుడు మంగలి కత్తి లాంటి పదును మీ వేలికీ జింక నరానికీ తేడా చూడదు. బ్లేడు మార్చాలంటే కొవ్వు చేతులతో కాదు, శ్రావణంతో మార్చాలి.

పొట్ట చీల్చే కొక్కెం మొదటి జింకకు బాగానే పని చేస్తుంది. తర్వాత వెంట్రుకలూ కొవ్వూ ఇరుక్కుంటాయి. దాన్ని నూరడానికి గుండ్రటి ఆకురాయి కావాలి, అది ఎవరి దగ్గరా ఉండదు. అదే పనిని రెండు వేళ్ళు ఉచితంగా చేస్తాయి. గొడ్డలి అసలే వద్దు, ఎముక పెళ్ళలు మాంసంలోకి చిమ్ముతాయి.

సంచిలో నిజంగా ఉండాల్సినవి వేరే ఉన్నాయి. భుజాల దాకా వచ్చే పల్చటి తొడుగులు, వాటి మీద నైట్రైల్ తొడుగులు. జానెడు పురికొస ముక్కలు రెండు. కాగితపు తువ్వాళ్ళు. లీటరు తాగే నీళ్ళు. గుండెకాయకు, కార్జానికి జిప్ సంచులు. మాంసానికి గాలి ఆడే బట్ట సంచులు, ప్లాస్టిక్ చెత్త సంచులు మాత్రం కాదు, అవి వేడిని బంధిస్తాయి. తలకు కట్టుకునే లైటు. జింకలు తరచుగా పొద్దువాటారాకే దొరుకుతాయి కాబట్టి రెండో కత్తి కన్నా ఈ లైటు ముఖ్యం.

ఇక పని. జింక దగ్గరికి వెనక వైపు నుంచి వెళ్ళి, పొడుగాటి పుల్లతో కంటిగుడ్డు ముట్టుకోవాలి. రెప్ప కదలకపోతే ప్రాణం పోయినట్టే. తుపాకీ ఖాళీ చేసి, రాష్ట్రం చెప్పినట్టు లైసెన్సు తాలూకు చీటీ, అంటే ట్యాగు, జింకకు కట్టాకే కత్తి తీయాలి. మేకను కోసినట్టు గొంతు కోసి రక్తం కార్చాలని చూడటం మనవాళ్ళలో మామూలు. గుండె ఆగాక గొంతు కోస్తే కారేది ఏమీ ఉండదు. రొమ్ములో గుండు తగిలిన జింక రక్తం అప్పటికే రొమ్ము గూట్లో నిండి ఉంటుంది, ఎలాగూ అక్కడి నుంచే పోతుంది.

వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త ఎత్తు వైపు ఉంచాలి. ఒంటరిగా ఉంటే ఒక వెనక కాలును చెట్టుకు కట్టుకోవాలి. వెనక కాళ్ళ లోపలి వైపు, మడమ కీలు దగ్గర నల్లగా, కంపు కొట్టే వెంట్రుకల కుచ్చులుంటాయి. వాటిని కోయక్కర్లేదు, ముట్టుకోకుంటే చాలు. ముట్టుకున్న చెయ్యీ కత్తీ మాంసానికి తగలకూడదు.

నేనైతే వెనక నుంచే మొదలుపెట్టమంటాను. మలద్వారం చుట్టూ, ఆడదైతే యోనితో కలిపి, కత్తిని కటి ఎముక లోపలి గోడకు ఆనించి గుండ్రంగా, నాలుగంగుళాల లోతు దాకా కోయాలి. కత్తి అంచు ఎప్పుడూ ఎముక వైపే, గొట్టం వైపు కాదు. గొట్టం వదులయ్యాక బయటికి లాగి పురికొసతో గట్టిగా ముడివేయాలి, లేకపోతే పెంటికలు తొడ మాంసం మీద రాలతాయి. మగదైతే జననాంగాన్ని పొట్ట తోలు నుంచి విడదీసి వెనక్కి తేవాలి. మగో ఆడో తెలిసే గుర్తు ఒంటికే ఉండాలని కొన్ని రాష్ట్రాల నిబంధన, అక్కడ దాన్ని కోసి పారేయకూడదు.

తర్వాత పొట్ట. రొమ్ము ఎముక ముగిసే చోట తోలును చిటికెతో పైకెత్తి రెండంగుళాల గాటు. కింద పల్చటి కండర పొర ఉంటుంది, దాన్నీ అంతే మెల్లగా తెరవాలి. ఆ సందులో చూపుడు వేలు, మధ్యవేలు చొప్పించి, వేళ్ళను కత్తెరలా విప్పి, పొట్ట గోడను పైకెత్తి, ఆ రెండు వేళ్ళ మధ్య కత్తిని అంచు ఆకాశం వైపు పెట్టి కటి ఎముక దాకా నడపాలి. వేళ్ళు పేగులను కిందికి నొక్కి ఉంచుతాయి. లోపలి నుంచి బయటికి కోస్తున్నాం కాబట్టి వెంట్రుకలు తెగవు, మాంసం మీద రాలవు, కత్తి మొద్దుబారదు. పై నుంచి కిందికి కోసేవాళ్ళకు ఈ మూడు నష్టాలూ ఒకేసారి. జింక పడి చాలాసేపయ్యుంటే పొట్ట గ్యాసుతో బిగిసి ఉంటుంది, అప్పుడు మొదటి గాటు మరీ నెమ్మదిగా పెట్టాలి.

పొట్టనూ రొమ్మునూ వేరు చేసే పల్చటి కండర గోడను పక్కటెముకల వెంబడి రెండు పక్కలా కోయగానే రక్తం కిందికి జారుతుంది. చెయ్యి లోపలికి పోనిచ్చి గొంతు దగ్గర గాలిగొట్టాన్ని పట్టుకోవాలి, ఉంగరాలు ఉంగరాలుగా చేతికి తగులుతుంది. పిడికిలికి పై భాగాన, అన్నవాహికతో కలిపి కోయాలి. వేటగాళ్ళ చేతులు తెగేది ఎక్కువగా ఇక్కడే, తొందర వద్దు. కోశాక బలంగా కిందికి లాగుతూ, వెన్నెముకకు అతుక్కున్న పొరలను అక్కడక్కడా తెంపితే గుండె, ఊపిరితిత్తులు, పొట్ట, పేగులు ఒకే మూటగా వస్తాయి. ఉచ్చ సంచి మెడను వేళ్ళతో నొక్కి పట్టి, ముందు ముడివేసిన గొట్టాన్ని లోపలి నుంచి లాగేస్తే పని అయినట్టే. బోర్లా తిప్పి అయిదు నిమిషాలు రక్తం కారనివ్వాలి. ఈడ్చుకెళ్ళేటప్పుడు తల వైపు పట్టుకుని ఈడవాలి, వెంట్రుక వాటం అటే కాబట్టి సులువు.

ఇక్కడే పాత తగాదా ఒకటుంది, కటి ఎముకను రంపంతో రెండుగా చీల్చాలా వద్దా అని. చీల్చేవాళ్ళ వాదన రెండు ముక్కలు: గొట్టం కళ్ళ ముందే కనబడుతుంది, తొడలు త్వరగా చల్లారతాయి. మొదటిది ఒప్పుకుంటాను, కొత్తవాళ్ళకు గుడ్డిగా గుండ్రంగా కోయడం కష్టమే. రెండోది నాకు రుచించదు. తొడలోని వేడి ఎముక చుట్టూ ఉన్న మందపాటి కండలో ఉంటుంది, మధ్యలో ఒక సందు తెరిచినంత మాత్రాన అది దిగదు, తోలు ఒలిస్తే దిగుతుంది. రంపం పళ్ళ కిందేమో ఉచ్చ సంచి. అది చిరిగితే పాడయ్యేవి జింకలో అన్నిటికన్నా మంచి ముక్కలు. పైగా తెరిచిన కటి గుండా ఈడ్చినంత మేరా మట్టీ ఆకులూ తొడల మధ్యకు చేరతాయి. రొమ్ము ఎముకను కోయడం అంత ప్రమాదం కాదు, కాని చేతులు పొడుగున్నవారికి అవసరమూ లేదు. తల గోడకు తగిలించాలనుకుంటే అసలే కోయకూడదు.

నెమరు పొట్ట చిరిగిందనుకోండి. పచ్చటి పసరు బయటికొస్తుంది, కంపు కొడుతుంది. కంగారు పడకుండా మూటను వెంటనే బయటికి లాగేసి, ఒంటిని పల్లం వైపు వంచి పసరు కారిపోనివ్వాలి. జింక మాంసానికి నీళ్ళు తగలకూడదని కొందరు శపథం పడతారు. తడి మిగిలిపోతే బాక్టీరియాకు మేలు చేసినట్టేనన్నది నిజం, కాని పేడ నీళ్ళకన్నా ఎక్కువ చెడ్డది. తాగే నీళ్ళతో కడిగి, వెంటనే కాగితంతో పొడిగా తుడిచి, ఇంటికొచ్చాక అంటిన పైపొరను కోసి పారేయాలి. వాగు నీళ్ళు మాత్రం వద్దు, అందులో ఏముందో ఎవరికీ తెలియదు. పసరులో చాలాసేపు నానిన లోపలి వెన్ను ముక్కలను వదులుకోవడమే మేలు.

పొట్ట తెరవకుండానే మాంసం తీసే పద్ధతి ఇంకొకటుంది. పక్కకు పడుకోబెట్టి, వెన్ను మీదుగా తోలు కోసి ఒలిచి, ముందు కాలు తీయాలి. దానికి ఒంటితో ఎముక కీలు లేదు, కండతోనే అంటుకుని ఉంటుంది, కత్తి తేలిగ్గా నడుస్తుంది. తర్వాత వెన్ను పట్టీ, మెడ మాంసం, తుంటి కీలు దగ్గర వెనక కాలు, ఆపైన రెండో పక్కకు తిప్పి మళ్ళీ అదే. రాకీ పర్వతాల్లో ఎల్క్ అనే భారీ జింకను మైళ్ళ దూరం వీపు మీద మోసుకొచ్చేవాళ్ళకు ఇదే దారి. టెక్సస్ ఎండలోనూ నా ఓటు దీనికే, నిమిషాల్లో తోలు వేడి వదిలిపోతుంది కాబట్టి. కొన్ని చోట్ల జంతువును ముక్కలు చేయడానికి నిబంధనలుంటాయి, ఆ ఏటి రాష్ట్ర నియమాలు చదివాకే చేయాలి. ఇంకో చిక్కు: కండ బిగుసుకోకముందే ఎముక నుంచి విడదీసి ఐసులో ముంచితే అది ముడుచుకుపోయి, ఎంత ఉడికించినా రబ్బరులా సాగుతుంది. కాళ్ళను ఎముకతోనే తీసి, ఎముకతోనే చల్లార్చి, మర్నాడు మాంసం విడదీయాలి.

ఎముక అనగానే మనవాళ్ళకు చెప్పాల్సిన మాట ఒకటుంది. జింకలను చిక్కిపోయేలా చేసి చంపే మెదడు జబ్బు, 1967లో కొలరాడోలో మొదట గుర్తించిన క్రానిక్ వేస్టింగ్ డిసీజ్, 2002లో విస్కాన్సిన్‌లో, 2012లో టెక్సస్ హ్యూకో కొండల్లో బయటపడింది. ఇది ప్రయాన్ జబ్బు, అంటే సూక్ష్మజీవి వల్ల కాక రూపు చెడిన ప్రోటీను వల్ల వచ్చేది, వంట వేడికి చావదు. మనిషికి సోకినట్టు రుజువు కాలేదు. అయినా వ్యాధి ఉన్న చోట్ల పరీక్ష చేయించమనీ, పాజిటివ్ వస్తే తినవద్దనీ అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ సలహా. మెదడు, వెన్నుపాము, కళ్ళు, తిల్లి, టాన్సిల్స్, లింఫు గ్రంథులు ముట్టుకోవద్దంటారు. తలకాయ కూర, భేజా ఫ్రై, వెన్నుపూసతో సహా కొట్టించిన కూర ముక్కలు, మేక దగ్గర మనకు ఇష్టమైనవన్నీ ఆ చిట్టాలోకే వస్తాయి. వెన్నెముకను కత్తి గానీ రంపం గానీ తాకకుండా, మాంసాన్ని దాని నుంచి ఒలిచి తీసుకోవాలి. చాలా రాష్ట్రాలు వ్యాధి ప్రాంతం నుంచి వెన్నెముకనూ తలనూ బయటికి తేనివ్వవు కూడా. కొవ్వు సంగతీ అంతే. మేక కొవ్వు కూరకు రుచి, జింక కొవ్వు మైనంలా నాలుకకు పట్టేస్తుంది, మొత్తం తీసేయండి.

కత్తి మీద మిగిల్చిన డబ్బుతో ముందు పొడుగు సూది ఉన్న థర్మామీటరు కొనండి. తొడలో ఎముక పక్కకు గుచ్చితే 24 గంటల్లోపు 40 డిగ్రీల కిందికి దిగాలి. తర్వాత పెద్ద కూలరు, నీళ్ళు పోయడానికి కింద బిరడా ఉన్నది. ఐసు అడుగున ఒక పొర, పైన ఒక పొర, మధ్యలో మాంసం. బిరడా తెరిచి కూలరును ఒక వైపు ఎత్తిపెడితే కరిగిన నీళ్ళు పోతుంటాయి. రక్తపు నీళ్ళలో నానిన మాంసం పాలిపోయి, చచ్చుగా తయారవుతుంది. జింకను నిండుగా తెచ్చేటట్టయితే రెండు లీటర్ల సీసాల్లో నీళ్ళు గడ్డకట్టించి నాలుగైదు దాని ఖాళీ కడుపులో పెట్టండి, కరిగినా మాంసం తడవదు. 50 డిగ్రీల ఫారెన్‌హైట్ దాటిన వాతావరణంలో ఆ రోజే తోలు తీసేయాలి.

సీసపు గుండు ముక్కలు గాయం దారికి చాలా దూరం దాకా చిమ్ముతాయి, కంటికి ఆనవు. 2008లో నార్త్ డకోటాలో పేదలకు పంచే జింక కీమాను ఈ కారణంతోనే ఆపించారు. గాయం చుట్టూ ధారాళంగా కోసి పారేయండి, లేదా రాగి గుండ్లు వాడండి. కీమాను 160 డిగ్రీల ఫారెన్‌హైట్ దాకా ఉడికించాలి. పని అయ్యాక కత్తికి అంటిన కండ మొత్తం కడిగేసి, రెండు పాళ్ళు బ్లీచు, మూడు పాళ్ళు నీళ్ళు కలిపిన దానిలో అయిదు నిమిషాలు ముంచితే స్టెయిన్‌లెస్ మీది ప్రయాన్లు కూడా పనికిరాకుండా పోతాయి. పరీక్ష ఫలితం వచ్చేదాకా ప్రతి పొట్లం మీద ట్యాగు నంబరు రాసి ఫ్రీజరులో ఒక పక్కన పెట్టండి. ఇద్దరి జింకలను కలిపి కీమా పట్టించకండి, ఒకదానికి పాజిటివ్ వస్తే రెండూ చెత్తబుట్టలోకే.